పక్కగది ప్రయాణికులు

ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగువాళ్ల ఇళ్లకి భోజనానికి వెళ్తే కొత్తగా పరిచయమైనవాళ్లు మొదట అడిగేది ఏ కంపెనీ అనే. మా చుట్టుపక్కల ఆ ప్రశ్నకి జవాబు ఎప్పుడూ ఏదో ఒక కార్ల కంపెనీ పేరే. నా వంతు వచ్చేసరికి మాత్రం కాస్త ఇబ్బంది.

"మీరేం చేస్తుంటారండీ?"

"ప్రభుత్వాలు జనం మీద నిఘా పెడతాయి కదండీ, ఆ నిఘాని మేం గమనిస్తుంటాం."

"ఏ గవర్నమెంట్‌ని?"

"యూరప్ వాళ్లవి."

"మిషిగన్‌లో కూర్చునా?"

మిషిగన్‌లోనే, అదీ మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని. ఆ మాట వినగానే అడిగినావిడ మొహంలో జాలి కనిపించేది. పాపం పిల్ల ఏదో కాలక్షేపానికి పెట్టుకుంది అని. నాకు ఒళ్లు మండేది కానీ, చేతిలో పాయసం గిన్నె ఉండగా పోట్లాట ఏం బాగుంటుందని ఊరుకునేదాన్ని.

నేను గుంటూరులో లా చదివాను. పెళ్లయి వచ్చాక చాలా ఏళ్లు భార్య వీసా మీద, ఉద్యోగం చేసే అనుమతి లేకుండా, ఇల్లూ లైబ్రరీ తిరుగుతూ గడిపాను. గ్రీన్ కార్డ్ వచ్చాక దొరికింది ఈ పని. యూరప్‌లో ఒక చిన్న ఆఫీసు. పట్టుమని పదిమంది లేరు. అక్కడి ప్రభుత్వాలు బయటపెట్టడానికి ఇష్టపడని కాగితాలని చట్టప్రకారం అడిగి, మళ్లీ అడిగి, విసిగించి సంపాదిస్తారు. వాటిని చదివి, మామూలు మనిషికి దీనివల్ల ఏమవుతుందో రెండు పేరాల్లో రాయడం నా పని.

వచ్చే కాగితాల్లో సగం, వాక్యాలు కనబడకుండా పూసిన నల్లసిరా పట్టీలే ఉండేవి. మా ఆఫీసులో అందుకొక పద్ధతి ఉంది. ఒకే కాగితాన్ని రెండు దేశాల దగ్గర అడుగుతాం. ఈ దేశపు గుమాస్తా నలుపు పూసిన వాక్యాన్ని ఆ దేశపు గుమాస్తా వదిలేస్తాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుకోవాలి. అలా చదవగా చదవగా నాకొకటి అర్థమైంది. దాచినవాటిలో ప్రాణాలకి ముప్పు తెచ్చే రహస్యాలు బహు తక్కువ. ఎవరో ఒకరికి తలవంపులు తెచ్చే మాటలే ఎక్కువ. ఇది తెలిశాక నాకు నల్లపట్టీ అంటేనే కోపం. కొట్టేసిన ఏ వాక్యాన్నీ వదలకూడదని, తిరిగి పెట్టించాలని పట్టుబట్టే మనిషిని అయ్యాను.

మా ఆయన కార్ల బ్రేకుల ఇంజినీరు. ఆయనకో ప్రాణస్నేహితుడు, వరంగల్ నుంచి వచ్చిన ముస్లిం. మాస్టర్స్ చదివేటప్పుడు ఇద్దరూ ఒకే అపార్ట్‌మెంట్‌లో, ఒకే గదిలో ఉన్నారట. ఒకడు వండితే ఇంకొకడు గిన్నెలు కడిగేవాడట. తర్వాత ఒకే కంపెనీ, ఒకే ప్రాజెక్టు. మా ఇంట్లో అందరికీ ఆయన భాయ్. నన్ను భాభీ అంటాడు. ఆదివారమైతే వాళ్లు మా ఇంట్లోనో మేం వాళ్లింట్లోనో ఉండాల్సిందే. ఈ దేశంలో మా ఆయనకి చుట్టాలెవరూ లేరు. ఎవరైనా అడిగితే, భాయ్ ఉన్నాడుగా అనేవాడు.

ప్రాజెక్టు పని మీద ఇద్దరూ తరచుగా జర్మనీ వెళ్లొచ్చేవాళ్లు. రెండువేల ఒకటి తర్వాత ఆ ప్రయాణాల్లో ఒక కొత్త మజిలీ చేరింది. తిరిగొచ్చి విమానం దిగగానే పాస్‌పోర్టు చూసే ఆఫీసర్ వీళ్ల వంక చూసి, కంప్యూటర్ వంక చూసి, పక్కగదిలో కూర్చోమనేవాడు. అక్కడ ఫోన్ వాడకూడదు. పేరు పిలిచేదాకా కుర్చీలో కూర్చోవాలి. పిలిచాక అవే ప్రశ్నలు. ఎక్కడికెళ్లావు, ఎవరిని కలిశావు, మీ నాన్న ఊరేది. ఎందుకు ఆపారో ఎవరూ చెప్పరు. రాతపూర్వకంగా అడిగినా, ఔననీ కాదనీ చెప్పలేమని జవాబు వచ్చేది.

ఇద్దరూ కలిసి కూర్చునేవాళ్లు కాబట్టి మొదట్లో దాన్ని వేళాకోళంగానే తీసుకున్నారు. "మన గది" అనుకునేవాళ్లు. వాడు పక్కనుంటే టైమ్ తెలియదు అనేవాడు మా ఆయన.

అలాంటి రోజుల్లోనే నా బల్ల మీదికి ఒక కాగితం వచ్చింది. యూరప్ నుంచి అమెరికా వచ్చే ప్రతి ప్రయాణికుడి గురించి విమాన కంపెనీలు ఇక్కడి ప్రభుత్వానికి ఏయే వివరాలు ఇవ్వాలో అందులో ఉంది. పేరు, చిరునామా, ఫోన్, ఎవరితో కలిసి వస్తున్నాడు, ఏ సీటు, ఎన్ని పెట్టెలు. వాటి మధ్యలో, ప్రత్యేకంగా అడిగి పెట్టించుకున్న భోజనం. నేను గట్టిగా నవ్వేశాను.

ఎందుకంటే మనవాళ్ల సంగతి నాకు తెలుసు. మాంసం తినే తెలుగు కుర్రాళ్లు టికెట్ బుక్ చేసేటప్పుడు ముస్లిం మీల్ అని రాస్తారు. సీనియర్లు జూనియర్లకి అప్పగించే విద్య అది. మామూలు భోజనం చప్పగా ఉంటుంది. హిందూ మీల్‌లో ఏం పెడతారో నమ్మకం లేదు. ముస్లిం మీల్ అంటే అన్నం, మసాలా వేసిన మాంసం కూర, పైగా అందరికంటే ముందు వస్తుంది. చుట్టూ జనం ఆకలితో చూస్తుండగా మూత తీసుకుని తినొచ్చు. మా ఆయన చదువుకునే రోజుల నుంచీ అదే తింటున్నాడు.

ఆ సంగతి చెప్తే ఆయన చేతిలో చెంచా ఆగిపోయింది.

"అంటే ఇన్నాళ్లూ నేను తిన్న కూరే నా మీద చాడీలు చెప్తోందా?"

"అలా అని నేననలేదు. అన్నిటిలో అదొకటి. దాన్ని వాళ్లేం చేసుకుంటారో ఎవరికీ తెలియదు, చెప్పరు కూడా."

ఆయన నా మొదటి వాక్యం కూడా వినలేదని తర్వాత అర్థమైంది.

కారణం చెప్పని చోట మనుషులు ఊరుకోరు, శకునాలు కల్పించుకుంటారు. మా ఊళ్లో అప్పటికే ఒక శాస్త్రం తయారైంది. గడ్డం గీసుకుని దిగాలి. వన్-వే టికెట్ కొనకూడదు. కంపెనీ బొమ్మ ఉన్న చొక్కా వేసుకోవాలి. ఫలానా కౌంటర్ వైపు వెళ్లకూడదు. ఒకావిడ, మొగుడు విమానం దిగేముందు నుదుట కుంకుమ పెట్టుకుంటే ఆపడం మానేశారని చెప్పింది. దోషానికి పరిహారం చెప్పుకున్నట్టే చెప్పుకునేవాళ్లు, అదీ పెద్దపెద్ద చదువులు చదివినవాళ్లు. నాకు నవ్వూ వచ్చేది, భయమూ వేసేది. ఒక రహస్యం ఇంతమందిని ఇలా ఆడిస్తోందే, దీని గురించి ఏ కాగితంలోనూ లేదే అనిపించేది.

ఈసారి వెళ్లేటప్పుడు మా ఆయన హిందూ మీల్ అని రాశాడు. తిరిగొచ్చినప్పుడు ఆపలేదు. భాయ్‌ని ఆపారు.

ఆ రోజు మా ఆయన పెట్టెలు వచ్చే చోట నిలబడి భాయ్ బయటికి వచ్చేదాకా ఎదురుచూశాడు. ఇద్దరూ ఒకే కారులో ఇంటికొచ్చారు. ఇంట్లోకి వస్తూనే, "పోయిందే, దోషం పోయింది" అన్నాడు నాతో. ఇంత సంతోషంగా ఉన్న మనిషితో ఏం వాదిస్తాం? ఒక్కసారి ఆపకపోతే అది దేనికీ రుజువు కాదు అని మాత్రం అన్నాను. నీకన్నీ అనుమానాలే అన్నాడు.

తర్వాతి శనివారం ఒకరింట్లో సత్యనారాయణ వ్రతం. భోజనాల దగ్గర మా ఆయన ఈ కథంతా చెప్పాడు. అందరూ చెవులు రిక్కించి విన్నారు. మళ్లీ అడిగి మరీ చెప్పించుకున్నారు. భాయ్ కూడా అక్కడే, పులిహోర ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడో వచ్చి స్థిరపడి, రిటైరైన ఒక డాక్టర్ అంకుల్ ఆయన భుజం తట్టారు. మంచివారే, మంచి మనసుతోనే అన్నారు.

"నువ్వు కూడా మార్చేయవయ్యా. గొడవ వదిలిపోతుంది."

"చూద్దాం అంకుల్" అని నవ్వాడు భాయ్.

భాయ్ ప్లేటు పెట్టడానికి వంటింట్లోకి వచ్చినప్పుడు అక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను. పంపు కింద చేయి కడుక్కుంటూ చెప్పాడు.

"నేను మార్చి చాన్నాళ్లయింది భాభీ. మనోడి కంటే ముందే. వెజిటేరియన్ అని రాస్తున్న. అంత దూరం ఉడకబెట్టిన బీన్స్ తినుకుంట వస్తున్న."

"మరి?"

"మరేముంది, గదికే పోతున్న."

"మీకెలా తెలిసింది భోజనం సంగతి? ఆ కాగితం నాకే మొన్న వచ్చింది."

"మా వాళ్లల్ల ఈ మాట ఎప్పటి నుంచో ఉంది. కాగితం దేనికి?"

"ఈయనకి చెప్పలేదా?"

"నా సీటు ఎనక ఉంటది కదా, వాడు చూడలే. చెప్తే మనసు పాడు చేసుకుంటడు. చెప్పకండి."

నాకు సిగ్గేసింది. మేం వదిలించుకున్నది ఒక కూర. మాకది రుచి, ముందుగా వస్తుందన్న సరదా. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేసి, మేం వాళ్లం కాదండీ అని చెప్పకుండానే చెప్పుకోవచ్చు. భాయ్ దేన్ని మానేయాలి? ఇంటికెళ్తూ కారులో మా ఆయనతో ఈ మాట అనబోయి, భాయ్ చెప్పొద్దన్నాడని నోరు మూసుకున్నాను.

ఆ తర్వాతి ప్రయాణం చలికాలంలో. మా ఆయన మధ్యాహ్నం ఇంటికొచ్చి, భోంచేసి, సోఫాలో పడుకుని నిద్రపోయాడు. బయట మంచు జోరుగా పడుతోంది. కాసేపటికి భాయ్ భార్య ఫోన్ చేసింది.

"మీవారొచ్చిన్రా?"

"వచ్చారు" అనేశాను.

"ఈయన ఇంకా రాలే. ఫోన్ ఎత్తుతలేడు."

ఏదో సర్ది చెప్పి ఫోన్ పెట్టేసి ఆయన్ని లేపాను.

"భాయ్ ఏడి?"

"లోపలికి పిలిచారు. నన్ను వెళ్లిపొమ్మన్నాడు."

"పొమ్మంటే వచ్చేస్తావా?"

"వాడే అన్నాడే బాబూ. లేటయితది, రోడ్లు బాగుండవు, నువ్వు పో అని."

మన దగ్గర పొమ్మనడం అంటే ఏమిటో ఆయనకి తెలియనిది కాదు. వడ్డించేటప్పుడు అతిథి చాలు చాలు అని చేయి అడ్డం పెడతాడు. నిజంగానే గరిటె వెనక్కి తీసుకుంటే మనం మనుషులమే కాదు. నాకోసం ఆగకండి, మీరు కానివ్వండి అన్నవాడి కోసమే ఆగుతాం. మొహమాటం అనేది మనకి ఉగ్గుపాలతో వచ్చింది. అలాంటిది ఆ ఒక్క రోజు ఆ మాటని ఉన్నదున్నట్టు తీసుకున్నాడంటే నేను నమ్మలేకపోయాను. అమెరికా నేర్పింది నీకు ఈ తెలివి అని అరిచాను. ఆయన కార్పెట్ వంక చూశాడు.

"అక్కడ నిలబడితే నన్ను మళ్లీ చూస్తారేమో అనిపించింది" అన్నాడు.

ఇక నేను అరవలేదు. నిఘా వల్ల మనుషులు మారిపోతారని, చేయదలచుకున్న పనులు మానుకుంటారని ఎన్ని పేరాలు రాశాను. అన్నీ ఎవరో యూరప్ వాళ్ల గురించి. పద్దెనిమిది మంది వచ్చినా వండి పెట్టమనే మనిషి, స్నేహితుణ్ణి వదిలేసి వచ్చి నా సోఫాలో నిద్రపోయాడు. ఆయన మీద కోపం కంటే జాలే ఎక్కువ వేసింది. జాలి పడటం నాకు నచ్చలేదు.

భాయ్ టాక్సీలో ఇల్లు చేరాడు. ఒక్కమాట అనలేదు. కానీ ఆ తర్వాత కొద్దిరోజులకే, ఇక ప్రయాణాలు చేయనని కంపెనీకి చెప్పేశాడు. తను మొదలుపెట్టిన ప్రాజెక్టు మా ఆయన చేతికి వచ్చింది. ఆఫీసులో ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆదివారాలు మాత్రం ఒకటొకటే తప్పిపోయాయి. ఒకసారి పిల్లలకి జ్వరం, ఒకసారి వాళ్లింట్లో ఎవరో చుట్టాలు. కారణాలన్నీ నిజమే. శనివారమే కొనిపెట్టిన మటన్ ఫ్రిజ్‌లో ఉండిపోయేది. మా ఆయన దాని గురించి అడిగేవాడు కాదు. ఇరవై ఏళ్లుగా నిలిచిన స్నేహం మా కళ్ల ముందే పోతోందని నాకు తెలుస్తోంది. ఏం చేయాలో తెలియలేదు.

అప్పుడే యూరప్ ఆఫీసు నుంచి కబురు వచ్చింది. ఇలా ఆపబడిన ప్రయాణికుల అనుభవాలు కావాలి, అక్కడి పార్లమెంటు సభ్యులకి అందజేస్తారు. పేర్లు ఇష్టమైతేనే ఇవ్వొచ్చు. నేను భాయ్‌ని అడిగాను. భయపడతాడనుకున్నాను. పేరూ ఊరూ మార్చి రాస్తానని ముందే మాట సిద్ధం చేసుకుని వెళ్లాను.

"పేరు పెట్టండి భాభీ. కంపెనీ పేరు వద్దు గానీ మిగతాదంతా రాయండి. దాచేదేముంది? నా పేరు వాళ్ల దగ్గర ఎట్లాగూ ఉన్నది."

ఆయన చెప్తుంటే రాసుకున్నాను. మళ్లీ వారం శుభ్రంగా టైప్ చేసి తీసుకెళ్లాను. వాళ్ల డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని చదివాడు. భార్య టీ తెచ్చి పెట్టి లోపలికి వెళ్లింది. ఆ గది గురించి, ప్రశ్నల గురించి, బీన్స్ గురించి అన్నీ చదివాడు. అక్కడక్కడ నవ్వాడు కూడా. చివరి పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాడు. చలికాలంలో జరిగిన దాని గురించి నేను రాసింది ఇంతే: "ఆ రోజు నాతో వచ్చిన స్నేహితుడు నాకోసం ఆగలేదు."

"ఇది తీసేయండి."

"ఎందుకు? ఇది ముఖ్యం భాయ్. ఈ నిఘా తను ఆపినవాళ్లనే కాదు, ఆపకుండా వదిలినవాళ్లని కూడా ఏం చేస్తుందో చెప్పేది ఇదొక్కటే."

"వాడు చదువుతడు."

"చదవనివ్వండి."

"పొమ్మన్నది నేనే గదా భాభీ. వాని తప్పేమున్నది?"

"తప్పు లేకపోతే ఉండనివ్వండి మరి. మీరు పొమ్మన్నారనే రాస్తాను."

టీ మీద మీగడ కట్టింది. ఆయన దాన్ని వేలితో పక్కకి తీశాడు.

"పొమ్మన్న" అన్నాడు. "పోతడనుకోలే."

పెన్ను తీసుకుని ఆ వాక్యం మీద గీత పెట్టింది నేనే. అధికారంలో ఉన్నవాడు తన తప్పు కప్పుకోవడానికి పూసే నలుపు వేరు, ఒక మనిషి తన బాధ ఇంకొకరికి తగలకుండా కప్పుకునేది వేరు. అన్నేళ్లూ ఆ పనిలో ఉండి ఈ తేడా నేను ఎన్నడూ ఆలోచించలేదు. ఆ వాక్యం ఇప్పుడు ఈ కథలో ఉందంటే తర్వాత వాళ్లిద్దరూ సరేనన్నారు కాబట్టే. అప్పుడు మాత్రం అది లేకుండానే యూరప్ వెళ్లింది.

కొన్ని వారాలకి అచ్చయిన ప్రతి వచ్చింది. మా ఆయనకి నేను ఇవ్వలేదు. బల్ల మీద ఉంటే తనే తీసుకుని, నిలబడే చదివాడు. నేను కూరగాయలు తరుగుతున్నాను. తలెత్తి చూడకూడదని పట్టుదలగా తరుగుతున్నాను. ఉడకబెట్టిన బీన్స్ దగ్గర ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినిపించింది. ఆ సంగతి ఆయనకి అప్పుడే తెలిసింది. చివరిదాకా చదివి, మళ్లీ చివరి పేజీ చదివాడు.

"అన్నీ రాశావు" అన్నాడు.

నేను ఇంకో వంకాయ అందుకున్నాను.

"నేను వదిలేసి వచ్చింది తప్ప."

ఎవరు తీయించారని అడగలేదు. ఆ పేజీ నాలుగుగా మడిచి జేబులో పెట్టుకుని, కోటు వేసుకుని వాళ్లింటికి వెళ్లాడు. నన్ను రమ్మనలేదు. భోజనాల వేళ దాటాక తిరిగొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వాళ్లింట్లో తిన్నానని మాత్రం చెప్పాడు.

అక్కడ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఇప్పటికీ నాకు తెలియదు. భాయ్ చెప్పలేదు, ఈయనా చెప్పలేదు. ప్రభుత్వాల దగ్గర కాగితాలు లాగడమే వృత్తిగా ఉన్నదాన్ని, నేను అడగలేదు.